బల్బుల బాబాయి తీసిన ఎర్ర లైటు

బల్బుల బాబాయి అంటే ఆ చుట్టుపక్కల తెలియని డ్రైవరు లేడు. అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు, అడిగిన పాపాన పోయినవాడూ లేడు. ముప్పై ఏళ్లుగా బండ్ల కరెంటు పని చేస్తున్నాడు. హారన్ మోగకపోయినా, వైపర్లు మొరాయించినా, సెల్ఫ్ కొట్టకపోయినా ఆయన దగ్గరికే రావాలి. షెడ్డు కూడా మంచి చోట పెట్టుకున్నాడు లెండి. బండ్లకి ఫిట్‌నెస్ తనిఖీ చేసే కేంద్రం గేటు దాటి నాలుగు అడుగులు వేస్తే ఆయన రేకుల షెడ్డే.

ఆ తనిఖీ సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. బండి తాళం తిప్పగానే స్టీరింగు వెనక చిన్న చిన్న లైట్లు వెలుగుతాయి కదా, ఇంజను అందుకోగానే ఆరిపోతాయి. ఆరకుండా ఏదైనా వెలుగుతూ ఉండిపోయిందంటే బండికి ఒంట్లో బాగోలేదని అర్థం. పసుపు లైటయితే తీరిక చూసుకుని చూపించుకోమని. ఎర్ర లైటయితే ఉన్నచోటే ఆపమని. తనిఖీ ఆఫీసరు లోపలికి తొంగి చూసి, ఒక్క లైటు వెలుగుతున్నా ఫెయిల్ అని రాసి పంపేస్తాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ వెలగాల్సినప్పుడు అసలు వెలగనే వెలగని లైటు ఉందనుకోండి, దాని జోలికి పోడు. ఆయన చేతిలో ఉన్న ఫారంలో ‘హెచ్చరిక లైట్లు వెలగడం లేదు’ అని ఒక గడి ఉంటుంది. అందులో టిక్కు పెట్టి పక్క బండి దగ్గరికి నడుస్తాడు. ఏళ్ల తరబడి అదే వరస.

ఇంకేం, బల్బుల బాబాయికి చేతినిండా పని. రోగం కుదర్చడానికి రోజులు పడతాయి, బల్బు పీకడానికి ఎంతసేపు? మీటర్ల డబ్బా వెనక నుంచి విప్పి, వెలుగుతున్న బల్బుని సాకెట్లోంచి లాగేసి, మళ్లీ బిగిస్తే పావుగంట. బండి పాసయిపోతుంది. ఇంత పాడు పని చేసే మనిషికి నిద్ర ఎలా పట్టేదని మీరు అడగొచ్చు. హాయిగా పట్టేది. ఎందుకంటే తను తప్పు చేస్తున్నానని ఆయన ఏనాడూ అనుకోలేదు. తీసిన ప్రతి బల్బుకీ తెల్ల టేపు ముక్క చుట్టి, దాని మీద బండి నంబరూ తేదీ రాసి, ఒక పాత బిస్కెట్ల డబ్బాలో పెట్టేవాడు. బండి పాసయ్యాక రమ్మని, అసలు రోగం బాగు చేయించుకుని వస్తే బల్బు ఊరికే పెట్టిస్తానని ప్రతి ఓనరుకీ చెప్పేవాడు. వాళ్లూ బుద్ధిగా తలూపేవారు. ఈ బల్బులు పీకే పని మొదలెట్టిన పదకొండేళ్లలో తిరిగొచ్చినవాళ్లు నలుగురు. డబ్బా నిండిపోయి మూత పట్టకపోతే రెండో డబ్బా కొన్నాడు గానీ, ఎందుకు నిండుతోందని ఒక్క పూట కూర్చుని ఆలోచించలేదు.

“నేను పారేశానా? దాచిపెట్టాను. వాళ్లు రాకపోతే నాదా తప్పు?” అనేవాడు ఇంట్లో.

“ఆహా, మహానుభావా! ఎవరి కళ్లో పీకి సీసాలో దాచినట్టుంది నీ సంబడం” అనేది పిన్ని. బాబాయి భార్య కాబట్టి ఆవిణ్ణి అందరూ పిన్ని అనే పిలిచేవారు. నోరు గట్టిదే గానీ, ఆ మాట అనేసి అన్నం వడ్డించేది. బాబాయి నవ్వేసి తినేవాడు.

అలా ఉండగా ఒకనాడు కుట్టు ఫ్యాక్టరీ వ్యాను వచ్చింది. పొద్దున్నే ఆడవాళ్లని ఇళ్ల దగ్గర ఎక్కించుకుని కొండ కింద ఫ్యాక్టరీలో దింపే పద్నాలుగు సీట్ల వ్యాను. ఓనరే తోలుకొచ్చాడు. బ్రేకు ఆయిలు తగ్గితే వెలిగే ఎర్ర లైటు వెలుగుతోంది. బాబాయి మూత తీసి చూస్తే ఆయిలు గీత కిందికి దిగిపోయింది. కింద పడుకుని చూస్తే వెనక చక్రం లోపలివైపు తడి.

“కారుతోందయ్యా. ముందు ఇది చూపించు” అన్నాడు.

“చూపిస్తాను బాబాయ్, చూపించనా మరి? రేపు తనిఖీ. ఇవాళ్టికి ఈ లైటు కనపడకుండా చెయ్యి చాలు.”

బాబాయి తీసేశాడు. టేపు చుట్టాడు, నంబరు రాశాడు, తేదీ వేశాడు. పాసయ్యాక తప్పకుండా రమ్మని చెప్పాడు. ఓనరు అలాగే అన్నాడు, వ్యాను మర్నాడు పాసయింది, ఆ తర్వాత ఓనరు ఆ షెడ్డు వైపు కన్నెత్తి చూడలేదు.

పాత డ్రైవరు ఏదో మాటా మాటా వచ్చి మానేస్తే, తనిఖీ అయిన రెండు వారాలకి కొత్త డ్రైవరు చేరాడు. ముప్పై అయిదేళ్లవాడు, నెమ్మదస్తుడు. చేరిన మొదటి రోజే హ్యాండ్ బ్రేకు లాగినా వెలగాల్సిన ఆ ఎర్ర లైటు రాకపోవడం చూసి ఓనరుని అడిగాడట. ‘ఆ బండికి అంతే, మొదట్నుంచీ రాదు’ అన్నాడట ఓనరు. కొత్త ఉద్యోగం, యజమాని మాట. అతను నమ్మాడు.

మూడు నెలలకి, ఒక సోమవారం పొద్దున, పదమూడు మంది ఆడవాళ్లతో కొండ దిగుతుంటే బ్రేకు తొక్కిన కాలు నేల దాకా దిగిపోయింది. వ్యాను ఫ్యాక్టరీ ప్రహరీగోడని గుద్దింది. ముగ్గురు అక్కడికక్కడే పోయారు. వాళ్లలో ఒకామె ఆ రోజే పనిలో చేరడానికి వస్తోంది. డ్రైవరుకి తొడ ఎముక విరిగింది.

కబురు మధ్యాహ్నానికి షెడ్డు దాకా వచ్చింది. చెప్పినవాడు ఏదో లారీ డ్రైవరు, టీ తాగుతూ చెప్పాడు. “బ్రేకు ఆయిలు బొట్టు లేదట బాబాయ్! ఎర్ర లైటు వెలుగుతుంటే కళ్లు మూసుకుని తోలాడా వెధవ? నాలుగు తన్నాలి వాణ్ణి.”

బాబాయి స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. కుట్టు ఫ్యాక్టరీ వ్యానంటే ఏ వ్యానో అడగాల్సిన పని లేదు. ఆ మనిషి వెళ్లిపోయాక డబ్బాలు రెండూ దించి, నేల మీద బోర్లించి, గంటసేపు వెతికాడు. దొరికింది. బఠాణీ గింజంత బల్బు, దాని చుట్టూ తన చేతిరాత.

సాయంత్రం ఇంటికెళ్లి పిన్ని ముందు పెట్టాడు. పిన్ని చదివింది. రెండుసార్లు చదివింది.

“ఆ కుర్రాడు లైటు చూసుకోలేదని అందరూ తిడుతున్నారే. చూడ్డానికి అక్కడ లైటేదీ?” అన్నాడు బాబాయి.

“మనల్ని ఎవరైనా అడిగారా?” అంది పిన్ని. “అడిగినప్పుడు చెప్దువుగాని. కాస్త ఆగు.”

ఆగమంది కదా, ఆ మాటని గట్టిగా పట్టుకున్నాడు బాబాయి. నిజానికి పిన్ని వద్దన్నా వెళ్లాలనుకుంటే వెళ్లే మనిషే, ముప్పై ఏళ్లలో ఆవిడ మాట విని మానేసిన పని ఒక్కటి చూపించండి చూద్దాం. భయం ఆయనది, పేరు పిన్నిది. అంతే.

రెండో రోజు వ్యాను ఓనరు కారు షెడ్డు ముందు ఆగింది. దిగలేదు. అద్దం దించి, “బాగున్నావా బాబాయ్?” అన్నాడు. బాబాయి తలూపాడు. “ఉంటాను మరి” అని వెళ్లిపోయాడు. ఇంతే జరిగింది, ఒక్క పొల్లు మాట లేదు. బాబాయి ఆ రోజు షెడ్డు మూసేసి ఇంటికెళ్లి దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

నాలుగో రోజున పిన్నే తట్టి లేపింది. “నీకు ముద్ద దిగట్లేదు, నీ మొహం చూస్తుంటే నాకూ దిగట్లేదు. ఆస్పత్రిలో వాడు నాకు లైటు వెలగలేదు మొర్రో అని మొత్తుకుంటున్నాడట, ఒక్కడూ నమ్మట్లేదట. వెళ్లి చెప్పిరా. జైల్లో పెడితే పెట్టనీ, క్యారేజీ నేను తెస్తాను.”

బల్బు కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని పోలీసు స్టేషనుకి బయల్దేరాడు. దారంతా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాడు. గేట్లో అడుగు పెట్టగానే ఆవరణలో వ్యాను కనపడింది. ముందు భాగం ఒకవైపు లోపలికి పోయింది గానీ స్టీరింగూ మీటర్లూ చెక్కుచెదరలేదు. ఆ మీటర్ల వెనక ఒక సాకెట్టు ఖాళీగా ఉంది, పిన్నిని పక్కన పెడితే ఆ సంగతి తెలిసినవాళ్లు ప్రపంచంలో ఇద్దరే. ఒకడు ఓనరు.

“ఎవరూ, బల్బుల బాబాయా? సమయానికి దొరికావు!” దర్యాప్తు చేస్తున్న ఆఫీసరే వరండాలోంచి కేకేశాడు. “మా జీపు హారన్ మూడు రోజులుగా మోగట్లేదయ్యా. చూసిపెట్టు కాస్త.”

ఏం చెయ్యాలి ఆ మనిషి? ‘హారన్ సంగతి తర్వాత సారూ, ముందు నా మాట వినండి’ అనాలా వద్దా? అన్నాడా? అనలేదు! “అలాగేనండీ” అన్నాడు. బానెట్టు ఎత్తాడు. తీగ ఒకటి తుప్పు పట్టి తెగిందంతే, అయిదు నిమిషాల పని. దాన్ని గంట చేశాడు. ఫ్యూజులన్నీ తీసి తుడిచాడు, బ్యాటరీ మూతలు కడిగాడు, అడగని పనులన్నీ చేశాడు. ఆ గంటా వ్యాను వీపు వెనకే ఉంది. చివరికి హారన్ నొక్కితే గట్టిగా మోగింది. ఆఫీసరు భుజం తట్టి టీ తెప్పించాడు. బాబాయి టీ తాగాడు, నమస్కారం పెట్టాడు, ఇంటికొచ్చాడు.

“చెప్పావా?” అంది పిన్ని గుమ్మంలోనే.

“ఆఫీసరు పనిలో ఉన్నాడు.”

పిన్ని ఆయన చేతులకి అంటిన గ్రీజు చూసింది. లోపలికెళ్లి సబ్బు తెచ్చి చేతిలో పెట్టింది. తిట్టినా బాగుండేదనుకున్నాడు బాబాయి.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. ఆరో రోజున స్టేషను గేటు దాకా వెళ్లి వెనక్కొచ్చాడు. ఎనిమిదో రోజున గేటు దాకా కూడా వెళ్లలేదు. ఎవరైనా బండి తెచ్చి ‘ఈ లైటు తీసెయ్ బాబాయ్’ అంటే కసురుకుని పంపించేవాడు. ముసలాడికి పిచ్చెక్కిందన్నారు జనం.

పన్నెండో రోజు పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, పిన్నికి కూడా చెప్పకుండా బయల్దేరాడు. ఆ రోజు ఎందుకు వెళ్లగలిగాడో ఆయనకే తెలియదు. బహుశా ఇంకో రోజు అలా బతకడం తన వల్ల కాదనిపించి ఉంటుంది. తిన్నగా ఆఫీసరు బల్ల ముందుకెళ్లి, బల్బు బల్ల మీద పెట్టి, నీళ్లు నమలకుండా అంతా చెప్పేశాడు. ఓనరు రావడం, తను తీయడం, టేపు మీద నంబరూ తేదీ, మొత్తం.

ఆఫీసరు సాంతం విన్నాడు. మంచివాడో చెడ్డవాడో చెప్పలేను గానీ, అడ్డు మాత్రం రాలేదు. విని, లేచి, “పద” అని వ్యాను దగ్గరికి తీసుకెళ్లాడు. “మీటర్లు విప్పు.”

బాబాయి విప్పాడు. వెనక్కి తిప్పి చూశాడు. ఎర్ర లైటు సాకెట్లో బల్బు ఉంది. తళతళలాడుతోంది. చుట్టూ ఉన్నవాటి మీద పదేళ్ల దుమ్ము పేరుకుని ఉంటే దీని మీద వేలిముద్ర కూడా లేదు.

“ఇది కొత్తది సారూ! చూడండి, నిన్నో మొన్నో పెట్టినట్టు లేదూ? నేను తీసినప్పుడు…”

“ఫ్యాక్టరీ సామాను వ్యానులో ఉండిపోయిందని ఓనరు ఏడో రోజున వచ్చి తీసుకెళ్లాడు” అన్నాడు ఆఫీసరు, తనలో తను అనుకుంటున్నట్టు. “మా వాళ్లు దగ్గరుండి చూడలేదేమో. కానీ నేనేం రాయను? నువ్వు తీశాక అతను ఇంకోచోట కొత్తది వేయించుకున్నానంటే కాదనడానికి నీ దగ్గర ఏముంది? మొదటి రోజే వచ్చి ఉంటే ఈ సాకెట్టు ఖాళీగా కనపడేది. ఆ రోజున నువ్వు… ఆగు. నాలుగో రోజున నువ్వు ఇక్కడే ఉన్నావు కదయ్యా! నా జీపు బాగుచేశావు!”

“ఉన్నాను సారూ” అన్నాడు బాబాయి.

“రాసుకుంటాను. సంతకం పెట్టి వెళ్లు. నీ మీద వేరే కేసు పడుతుంది. కోర్టులో చెప్పుకో” అన్నాడు ఆఫీసరు. కాగితాలు తిరగేస్తూ, “అయినా ఇప్పుడెందుకయ్యా నీ మాట? లైటు వెలగడం చూశానని డ్రైవరే రాసిచ్చేశాడు మొన్న. కొట్టలేదు, తిట్టలేదు. రోజూ అడిగాం, అంతే. తనంతట తనే చెప్పాడు” అన్నాడు.

బాబాయి సంతకం పెట్టి బయటికొచ్చాడు. వెలగడం చూశాడా? ఏం చూశాడు? ఎలా చూశాడు? స్టేషను నుంచి ఆస్పత్రి దాకా నడుస్తూనే వెళ్లాడు.

పొడుగాటి వార్డు, పది మంచాలు. చివరి మంచం దగ్గర స్టూలు మీద ఒక పోలీసు కునుకుతున్నాడు. డ్రైవరు కాలికి బరువు కట్టి వేలాడదీశారు. పక్కన అతని భార్య కూర్చుని పళ్లెంలో అన్నం కలుపుతోంది. బాబాయి ఎవరో చెప్పుకున్నాడు. తనేం చేశాడో చెప్పాడు.

“నీకు లైటు వెలగలేదు నాయనా. వెలగడానికి అక్కడ బల్బే లేదు. నేనే తీశాను, ఈ చేతుల్తో. నీ తప్పు లేదు. నువ్వు చూశానని చెప్పకు.”

డ్రైవరు చాలా నెమ్మదిగా తల తిప్పాడు. కోపం లేదు అతని మొహంలో.

“లేదు బాబాయ్, వెలిగింది” అన్నాడు. “మొదట్లో నాకూ గుర్తు రాలేదు. తర్వాత అంతా గుర్తొచ్చింది. స్టీరింగుకి ఎడమవైపు, కింద. ఎర్రగా. రెండో మలుపు దగ్గర వెలిగింది. ఫ్యాక్టరీ దాకా వెళ్లిపోదాంలే అనుకున్నాను. వెనక వాళ్లు ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. కళ్లు మూసుకుంటే ఇప్పుడు కూడా కనపడుతుంది.”

“అది నిజం కాదురా అయ్యా! ఒట్టు!” బాబాయి మంచం కడ్డీ పట్టుకున్నాడు. “లేని లైటు ఎలా వెలుగుతుంది?”

“ముగ్గురు పోయారు బాబాయ్” అన్నాడు డ్రైవరు, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు. “ఊరికే పోతారా?”

కళ్లు మూసుకున్నాడు. బాబాయి వరండాలోకి వచ్చేశాడు. వెనకే అతని భార్య వచ్చింది. చెయ్యి కడుక్కోనే లేదు, వేళ్లకి మెతుకులు అలాగే ఉన్నాయి.

“మీరు చెప్పింది నిజమేనా?” అంది.

“నిజమేనమ్మా.”

“మొదట్నుంచీ వెలగలేదనే అన్నాడు” అంది ఆమె. “నా చెయ్యి పట్టుకుని, పిల్ల మీద ఒట్టేసి చెప్పాడు. పోలీసులు నమ్మలేదు, డాక్టరు నమ్మలేదు, చచ్చిపోయినవాళ్ల తాలూకు వాళ్లు వచ్చి మీద పడి కొట్టారు. అందరూ అదే అంటుంటే నేను కూడా… వెలిగే ఉంటుంది, నువ్వే చూసుకోలేదేమో, ఒకసారి బాగా గుర్తు తెచ్చుకో అన్నాను. రోజూ అన్నాను. గుర్తు తెచ్చుకో, గుర్తు తెచ్చుకో అని.”

ఆమె తలెత్తి బాబాయి మొహంలోకి చూసింది.

“మీకెప్పుడు తెలుసు ఇది?”

“మొదటి రోజు మధ్యాహ్నం” అన్నాడు. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు ఆయనలో.

తిడుతుందనుకున్నాడు. చెంప మీద కొట్టినా పడదామనుకున్నాడు. ఆమె ఆ రెండూ చెయ్యలేదు. మెతుకులంటిన చేతిని రెండో చేత్తో పట్టుకుంది. తర్వాత లోపలికెళ్లి, మంచం పట్టీ మీద కూర్చుని, మొగుడి చెవి దగ్గరికి వంగింది. తలుపు తీసే ఉంది. వరండాలో ఉన్న బాబాయికి ప్రతి మాటా వినపడింది.

“ఏమయ్యా, వింటున్నావా? వెలగలేదట. నువ్వు చెప్పిందే నిజమట. నేనే నమ్మలేదు. నన్ను చూడు. వెలగలేదయ్యా.”

“వెలిగింది” అన్నాడు డ్రైవరు. “నువ్వు అడగ్గా అడగ్గా గుర్తొచ్చింది కదే.”